మరల తీసిన భారతము

1987 జనవరి 25వ తేదీ ఆదివారమునాడు ఉదయము తొమ్మిదిన్నరకు రామానంద్ సాగర్ నిర్మించిన రామాయణము దూరదర్శన్‌లో ఆరంభమైనపుడు ఈ దేశమున టెలివిజన్ అనగా దూరదర్శనే గనుక, చూచువానికి మరియొక దారి లేకపోయెననియు, ఆ ధారావాహికకు దక్కిన ఆదరణమునకు అసలు కారణ మిదియే యనియు వాదించువారు నేటికిని గలరు. వాదము బొత్తిగా కొట్టివేయదగినది కాదు. కాని 2020 మార్చి 28 నుండి, లాక్‌డౌన్ వలన జనులు గడప దాటలేని దినములలో, వందలకొలది ఛానెళ్లును, అరచేతిలో ఫోనును ఉండియు, ఆ పాత రామాయణమునే దూరదర్శన్ తిరిగి ప్రసారము చేయగా, ఏప్రిల్ 16వ తేదీనాటి భాగమును 7 కోట్ల 70 లక్షలమంది చూచిరని ఆ సంస్థ ప్రకటించెను. ఈ రెండు ప్రసారముల నడుమ గడచిన ముప్పదిమూడేండ్లలో రామాయణ భారతములను క్రొత్త యంత్రములతోను, క్రొత్త ముఖములతోను, పాతవారు కలలోనైన నెరుగని ధనముతోను మరల మరల తీసినవా రున్నారు. ఇంటింట జనము కదలక కూర్చున్న ఆ సంకటసమయమున దేశము వెదకికొని చూచినది మాత్రము వారి కృతులను గాదు.

దీనికి సాధారణముగా చెప్పబడు సమాధానము బాల్యస్మృతి. చిన్ననాడు చూచిన రాముడే రాముడు, తరువాత వచ్చినవారందఱును వేషగాండ్రే యని. పాతదగుటయే గుణము కాదని కాళిదాసంతటివాడు హెచ్చరించియుండగా, పెద్దవారము తఱచుగా ఈ దోషమునకు లోనగుచుందుమన్నది నిజమే. అయినను తెలుగు ప్రేక్షకుని విషయమున ఈ సమాధానము నిలువదు. 1987 నాటికి మనకు రాముడనగా ఒక ముఖము, కృష్ణుడనగా అదే ముఖము, అవసరమైనచో రావణుడనగాను దుర్యోధనుడనగాను అదే ముఖము అప్పటికే స్థిరపడియుండెను; నందమూరి తారక రామారావు ముఖము. బొంబాయినుండి వచ్చిన అరుణ్ గోవిల్ మనకు రెండవ రాముడు. పైగా హిందీ మాటలాడు రాముడు. పంచాయతీ కార్యాలయపు వసారాలో బల్లపై నొక టెలివిజన్, ఎదుట చాపలపై పిల్లలు, వెనుక నిలుచుండి పెద్దలు, గుంపులో హిందీ పరీక్షలు వ్రాసిన యువకు డొకడు అడిగినవారికి అర్థము చెప్పుచుండుట: ఇది నాటి తెలుగు పల్లెలలో అరుదైన దృశ్యము కాదు. తొలిప్రేమ యప్పటికే మరియొకనికి చెల్లిపోయినను, ఆ ఊరివారు ఈ రెండవ రాముని అంగీకరించిరి. కనుక పునర్నిర్మాణములను జనము త్రోసిపుచ్చుట కేవలము పాతదానిపై మమకారముచేతనే యనుట పొరపాటు. మంచిది రెండవమారు వచ్చినను మనము కాదనలేదు.

అంగీకారమునకు భాషయు కొంత తోడ్పడెను. బజారు హిందీ రానివానికి సయితము ఆజ్ఞ, ప్రతిజ్ఞ, వరము, శాపము, ధర్మము, వనవాసము అను మాటలు తెలియును గదా! సంస్కృతము పాలెక్కువైన ఆ సంభాషణములు ఢిల్లీవానికంటె మనకే సులభముగా బోధపడిన సందర్భము లుండెనన్నచో అతిశయోక్తి కాదు. రామానంద్ సాగర్ తన కాధారములని ధారావాహిక ఆరంభమున పేర్కొన్న గ్రంథములలో వాల్మీకి, తులసీదాసుల రామాయణములతోబాటు తమిళుల కంబరామాయణమును, మన రంగనాథ రామాయణమును ఉండుట గమనింపదగినది. ఆయన మన ద్విపదనుండి ఎంత గ్రహించెనో తేల్చుట వేఱు ప్రశ్న. పేరు చెప్పవలెనని తోచుటయే ఒక మర్యాద.

రామాయణము 78 భాగములతో 1988 జులై 31న ముగిసెను. ఆ సంవత్సరమే అక్టోబరు 2న బి. ఆర్. చోప్రా మహాభారతము మొదలయ్యెను. నా దృష్టిలో మన టెలివిజన్ చరిత్రమున ఇంతకంటె దొడ్డపని మరియొకటి జరుగలేదు. దర్శకత్వము ఆయన కుమారుడు రవి చోప్రాది; రచన రాహీ మాసూమ్ రజాది. గాజీపూరు ప్రాంతపు ముస్లిం కుటుంబమున బుట్టి, ‘ఆధా గావ్’ అను నవలతో హిందీ సాహిత్యమున స్థానము సంపాదించిన రజా మొదట ఈ పనికి ఒప్పుకొనలేదనియు, ఆయన పేరు వినబడినంతనే హిందువులలో రచయితలు లేకపోయిరా యని నిష్ఠురములాడుచు వచ్చిన ఉత్తరములను చూచిన పిమ్మటనే పట్టుదలతో కలము చేతబట్టెననియు చెప్పుదురు. పట్టుదలతో వ్రాసిన రచన అని ఆ సంభాషణములను విన్నవారెవరైన ఒప్పుకొందురు. సలహాదారుగా పండిత నరేంద్రశర్మ ఉండెను. వేల పుటల గ్రంథమును 94 ఆదివారములలో ఇముడ్చుట యనగా ఏది విడువవలయునో తెలిసియుండుట. ఆ తెలివి యంత్రముల వలన వచ్చునది కాదు.

కథకుని విషయమే చూడుడు. వ్యాసునిచేతనో, వైశంపాయనునిచేతనో, సంజయునిచేతనో కథ చెప్పించుట ఎవరికైనను తోచు మార్గము. రజా కాలపురుషునిచేత చెప్పించెను. నల్లని యంతరిక్షమున చక్రము తిరుగుచుండగా, రూపములేని హరీశ్ భిమాని కంఠము, తాను కాలమునని పరిచయము చేసికొని, ఎవరి పక్షమును వహింపక, జరిగినదానిని జరిగినట్లు చెప్పుచు, నడుమ నడుమ తీర్పరివలె ఒక ప్రశ్న వేసి వెడలిపోవును. దీనికి వ్యయమైనది అతి స్వల్పము: ఒక చక్రము, ఒక గొంతు. మహాభారతమును గూర్చి బాగుగా ఆలోచించినవానికి తప్ప ఇది తట్టదు.

ద్యూతసభ మరియొక యుదాహరణము. ఆ జూదము ఒక్క ఆదివారమున ముగియలేదు. శకునిగా నటించిన గూఫీ పెంటల్ (నటుల నెన్నికచేసిన బాధ్యతయు ఆయనదే) పాచికలను రెండరచేతుల నడుమ నులుముచు, కన్ను కొంచెము చికిలించి, ఎదుటివాని ముఖమును చదువుచుండును; ధర్మరాజు ఒక్కొక్క వస్తువును, పిదప ఒక్కొక్క తమ్ముని ఒడ్డుచుండును; ప్రతి ఓటమికిని కెమెరా భీష్ముని వైపునకో, విదురుని వైపునకో తిరుగును. భీష్ముడు తల వంచుకొనును. అంతియే. ఉఱుములు లేవు, మెఱుపులు లేవు. పందెము ముదిరిన ఘట్టమున నాటి భాగము ముగిసినచో, ఏడు దినములపాటు దేశమంతయు ఆ సభలోనే నిలిచియుండెడిది. కాఫీ హోటళ్లలోను, రైలుపెట్టెలలోను, బడుల వరండాలలోను ధర్మరాజు చేసినది ధర్మమా యని తర్కము సాగెడిది. తన్నోడి నన్నోడెనా యని ద్రౌపది వేసిన ప్రశ్నకు ఆ సభలోని పెద్దలు ఇయ్యలేకపోయిన సమాధానమును వెదకుటకు ఇంటిలోని పెద్దలకు వారము గడువు దొరికెను. వారమున కొక్కసారి యను నియమము ఆ ధారావాహికకు బాహ్యమైన యేర్పాటు కాదని, అది కథనములోని భాగమేయని నేను నమ్ముదును.

లోపములు లేవనుట లేదు. ఆకాశమున రెండు బాణములు ఎదురెదురుగా మెల్లగా వచ్చి, ఢీకొని, మతాబువలె వెలుగుట నేటి పిల్లలకు నవ్వు పుట్టించును. కోటగోడలు పెయింటు వేసిన చెక్కలని ఆనాడే తెలియుచుండెను. సాగర్ రామాయణము నడక మరీ నెమ్మదియనియు, ఒక్క వార్తకు సభలోని ప్రతి ముఖమును చూపుదురనియు అప్పటి విమర్శకులు విసిగికొనిరి. ఆ విసుగు న్యాయమే. కాని వేషము చవుకబారుదైనను మాట చవుకబారలేదు.

ఇక 2008వ సంవత్సరము. ఆ ఒక్క ఏడాదిలోనే రెండు ఇతిహాసములును టెలివిజన్‌లో క్రొత్తగా అవతరించినవి. జనవరిలో ఎన్డీటీవీ ఇమాజిన్ అను క్రొత్త ఛానెల్ తన జీవితమును రామాయణముతోనే ఆరంభించెను. దాని నిర్మాత లెవరో కారు, సాగర్ కుటుంబపు సంస్థయే. గుర్మీత్ చౌధరీ, దెబీనా బెనర్జీ సీతారాములు. అది బొత్తిగా విఫలమైనదనలేము. కొంతకాలము చూచినవా రుండిరి. ఆదివారపు ఉదయమును విడిచి రాత్రివేళ నిత్యధారావాహికల వరుసలో చేరి, భాగముల సంఖ్యను అనేకరెట్లు పెంచుకొని సాగిన ఆ రామాయణము, తండ్రి ఇంటనే బుట్టియు తండ్రి ఆస్తిలో కొంతయే పొందినది.

జులై 7న మొదలైన రెండవదాని కథయే వింతైనది. ఏక్తా కపూర్ సంస్థ నిర్మించి, 9ఎక్స్ అను ఛానెల్ ప్రసారము చేసిన ఆ ధారావాహిక పేరు ‘కహానీ హమారే మహాభారత్ కీ’. పేరులోనే గుట్టంతయు నున్నది. ఆమె సంస్థకు అంతకుముందు అపారమైన లాభము తెచ్చిన అత్తాకోడండ్ల కథలలో ‘కహానీ ఘర్ ఘర్ కీ’ యొకటి. ఆ ధారావాహికల పేళ్లన్నియు ‘క’ తోనే ఆరంభము కావలెనన్న నియమ ముండెను. వ్యాసభారతము ఆ అచ్చులో పోయబడెను. భారతము కుటుంబకలహ కథయే గదా యనవచ్చును. పైపైన చూచినచో అవును. దాయాదుల ఆస్తితగాదా, పెద్దల పక్షపాతము, కోడలి పరాభవము, మేనమామ కుతంత్రము అన్నియు నున్నవి. కాని ఇంటి తగవు రాజ్యపు తగవై, రాజ్యపు తగవు ధర్మప్రశ్నయై, తుదకు గెలిచినవానికి సయితము ఏమియు మిగులకపోవుట భారతము. తగవును తగవుగనే నిలిపి, దాని చుట్టును ఆభరణములు పెంచినచో మిగులునది మరియొక ధారావాహికయే.

వ్యాయామశాలలో తీర్చిదిద్దిన దేహములతో వీరులు, మిలమిల మెఱయు పసిడి కవచములు, అలంకారప్రాయమైన దుస్తులు. ద్రౌపది భుజముపై కనబడిన పచ్చబొట్టును గూర్చి, 1988 నాటి భీష్ముడైన ముకేశ్ ఖన్నా తీవ్రముగా విమర్శించెను. పచ్చబొట్టు మన దేశపు పాత అలవాటే గనుక దానినే నేరమనుట నాకంతగా రుచింపదు. ఆ ద్రౌపది నోటి మాటలు ఆ పచ్చబొట్టును మఱపింపలేకపోవుట అసలు నేరము. రోనిత్ రాయ్ వంటి సమర్థుడైన నటుడు భీష్ముడుగా నుండియు, ఆయనకు తలవంచుకొని మౌనముగా కూర్చుండు తీరికను ఆ ధారావాహిక ఇయ్యలేదు. అది 75 భాగములు గడచి, నాలుగు నెలలు నిండి, ఆ నవంబరులో అర్ధాంతరముగా నిలిచిపోయెను. అదే నెలలో, ఎనిమిదేండ్లుగా సాగుచుండిన ఆ సంస్థ వారి ‘క్యోంకీ సాస్ భీ కభీ బహూ థీ’ యు ముగిసెను. అచ్చే అరిగిపోయినదన్నమాట.

ఇందులో ఒక నిర్మాత అభిరుచినే నిందించి ఊరకుండుట న్యాయము కాదు, పద్ధతి నెరుగవలయును. దూరదర్శన్ కాలమున నిర్మాతకు ఇన్ని భాగములని ముందుగా మంజూరు లభించెడిది; రామాయణమునకు మొదట 52 భాగములే మంజూరై, జనాదరణమును బట్టి పొడిగింపబడెను. వారమునకు ఒక్కటి తీసిన చాలును గనుక రచయితకు వ్రాయుటకును, నటునికి కంఠస్థము చేయుటకును వ్యవధి యుండెడిది. నిత్యధారావాహిక ఆర్థికశాస్త్రము వేఱు. వారమున కైదు భాగములు. అరగంటలో ప్రకటనలు పోగా మిగులునది ఇరువది నిమిషములకు కొంచె మెక్కువ. రచన, చిత్రీకరణము, కూర్పు, ప్రసారము ఒకదాని మడమలను మరియొకటి త్రొక్కుచు పరుగెత్తును. వారము వారము వచ్చు రేటింగు అంకెలను బట్టి ఒక పాత్ర పెరుగును, మరియొకటి తరుగును. కథ ఎన్నినాళ్లు నడుచునో, ఎన్నడు ఆగునో తీయువారికే తెలియదు. ప్రతి ప్రకటనకు ముందు ప్రేక్షకుడు ఛానెల్ మార్చకుండ నొక కుదుపు కావలయును గనుక, ఒక ముఖమునే మూడు కోణములనుండి చూపి, ఉఱుము వినిపించు తంత్రము పుట్టినది. వంటింటిలో ఉప్పు తక్కువైనదన్న వార్తకు సరిపోయిన ఆ ఉఱుమునే కురుక్షేత్రమునకును వాడినచో, కురుక్షేత్రమే వంటింటి యంతకు దిగిపోవును.

ఈ వ్యాధి మనకు మాత్రమే చెందినది కాదు. అదే 2008లో ఇంగ్లండున ‘బ్రైడ్స్‌హెడ్ రివిజిటెడ్’ చలనచిత్రముగా వెలువడెను. ఎవెలిన్ వా 1945లో ప్రకటించిన ఆ నవలను గ్రెనడా టెలివిజన్ వారు 1981లో పదునొకండు భాగముల ధారావాహికగా తీసి, పాతకాలపు కథలకు టెలివిజన్‌లో ఒక ప్రమాణమును స్థాపించిరి. విచిత్రమేమనగా, 1979లో ఐటీవీ ఉద్యోగుల సమ్మె వలన దాని చిత్రీకరణము నడుమ ఆగిపోయి, తొలి దర్శకుడు వెడలిపోయి, చార్ల్స్ స్టరిడ్జ్ అను యువకుని చేతికి పని వచ్చెను. ఆ విరామములోనే రచన పెరిగి, నవలలోని వాక్యములు కథానాయకుని స్వగతముగా యథాతథముగా వినబడు పద్ధతి స్థిరపడెను. చలనచిత్రమువారు అదే యార్క్‌షైరులోని కాసిల్ హోవార్డ్ భవనములోనే చిత్రీకరించిరి, మంచి నటులనే తెచ్చిరి. పదునొకండు గంటల కథను రెండుంబావు గంటలకు కుదించుటకై, నవలలో వెనిస్ నగరమునకు పోని నాయిక నచ్చటికి పంపి, స్నేహకథను త్రికోణప్రేమగా మార్చిరి. భవన మొక్కటే, కథ వేఱు. మన నిత్యధారావాహిక సాగదీసి చెఱచినది, వారి చలనచిత్రము కుదించి చెఱచినది. రెండింటను కథకు సహజమైన కాలప్రమాణము ఉల్లంఘింపబడెను.

మరల తీయుటయే పాపమని దీనివలన ఎవరైన గ్రహించినచో, వారికి లవకుశను జ్ఞాపకము చేయవలసియున్నది. తెలుగువా రందఱును తమదని చెప్పుకొను 1963 నాటి లవకుశ పునర్నిర్మాణమే. సి. పుల్లయ్య 1934లోనే, పారుపల్లి సుబ్బారావు రాముడుగా, శ్రీరంజని సీతగా ఆ కథను తీసి జనమును ఏడిపించియుండెను. పాతికేండ్ల తరువాత ఆయనయే రంగులలో మరల ఆరంభించెను. ధనాభావముచేత పని సుమారు ఐదేండ్లు సాగెను. నడుమ ఆయనకు ఆరోగ్యము తప్పగా కుమారుడు సి. ఎస్. రావు పూర్తిచేసెను. రంగు క్రొత్తది, రామారావు అంజలీదేవులు క్రొత్తవారు, ఘంటసాల సంగీతము క్రొత్తది. కాని పద్యము పద్యముగనే, కరుణము కరుణముగనే నిలిచెను. ముఖ్యముగా, తీసినవారికి తమ మొదటి చిత్రమున ఏది జనహృదయమును తాకినదో తెలిసియుండెను. క్రొత్త సాధనమును పాత ప్రయోజనమునకు వాడిరి. 2011లో బాపు తీసిన శ్రీరామరాజ్యమును గూర్చి అభిప్రాయభేదము లుండవచ్చును. అందులోను ఆ మర్యాద కనబడును.

2013 సెప్టెంబరులో స్టార్ ప్లస్ ప్రారంభించి, సిద్ధార్థ్ కుమార్ తివారీ నిర్మించిన మహాభారతమును ఈ సందర్భమున విడువరాదు. అదియు నిత్యధారావాహికయే, 267 భాగములు; అదియు పసిడి కవచములతోను, కంప్యూటరు సృష్టించిన కోటలతోను నిండినదే. అయినను యువతరము దానిని తమ భారతముగా స్వీకరించెను. తెలుగు అనువాదము మా టీవీలో వచ్చినపుడు ఇచ్చటను బాగుగా చూచిరి. సౌరభ్ రాజ్ జైన్ కృష్ణుడు ప్రేక్షకుని వైపు తిరిగి ధర్మసూక్ష్మములను వివరించుట నాకు కొంత ఉపన్యాసముగా తోచినను, ఏ ప్రశ్నను గూర్చి ఈ కథ నడచుచున్నదో తీయువారికి తెలియునని ఆ వివరణమే సాక్ష్యము. ఏడాది లోపల ముగింపునకు రావలెనని ముందే నిర్ణయించుకొన్నవారివలె వారు కథను నడిపి, 2014 ఆగస్టులో ముగించిరి. ఇందుకు విరుద్ధముగా, 2023 జూన్‌లో తెలుగు హిందీలలో ఏకకాలమున వెలువడిన ఆదిపురుష్ చిత్రమున, కథానాయకుడు మన ప్రభాస్ అయియు, వ్యయమునకు వెనుదీయకయు, హనుమంతుని నోట వీథిలోని కుఱ్ఱకారు మాటలు పలికించినందుకు దేశమంతట ఆగ్రహము చెలరేగి, విడుదలైన కొలదిదినములకే సంభాషణములను మార్చవలసివచ్చెను. వాలములోని నిప్పు లోపమును జనము క్షమించెడివారేమో, వాక్కులోని లోపమును క్షమింపలేదు.

కనుక మన తెలుగు ఛానెళ్లవారికిని, వేదికలు నడుపువారికిని ఒక విన్నపము. మరల భారతము తీయదలచినచో తప్పక తీయుడు. నన్నయ తిక్కనల భాషలో ఆ కథను ధారావాహికగా చూడవలెనని మాకును ఆశ యున్నది. అయితే కవచములకు కొలతలు తీయించుటకు ముందు, కోటలు గీయించుటకు ముందు, భారతము చదివిన రచయిత నొక్కని పిలిచి, ఎన్ని భాగములో లెక్క తేల్చి, వ్రాయుటకు సంవత్సరము గడువిండు. ఆ సంవత్సరమునకు ఆయన జీతము మీ ఒక్క కోట ఖరీదు కాదు.